అక్క చేతి కోకో

తోట ఇల్లు, చింతలపూడి దగ్గర
9 జూన్ 2025

చి.ల.సౌ. సరళకు వదిన సీతారత్నం దీవెనలతో రాసే ముక్కలు.

నిన్న నువ్వు ఫోన్ చేశావని మీ అన్నయ్యగారు తెచ్చి నా చెవికి ఆనించారు. ఈదురుగాలి మోత తప్ప ఒక్క మాట అర్థం కాలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, ఇప్పుడు కుడిది కూడా దాని దారే పట్టింది. ఆ చిన్న తెర మీద అక్షరాలు చదవడం నా వల్ల కాదు. కాబట్టి ఇకనించి మన ముచ్చట్లు కాగితం మీదే. నువ్వు అసలే తక్కువ మాట్లాడే మనిషివి, ఇలాగైనా నాలుగు మాటలు రాస్తావు.

తాడేపల్లిగూడెం బస్సులో పార్సిల్ వేయించాను. అందులో ఉన్నది మన తోట కోకో పొడి. ఈసారి గింజ కొనే కంపెనీవాళ్లు ముఖం చాటేశారు. గింజ చిన్నదన్నారు, తేమ ఉందన్నారు. కొబ్బరి చెట్ల నీడన పిల్లల్లా పెంచిన మొక్కలు, వాటి కాయ బాగోలేదంటే ఒళ్లు మండిపోయింది. సరే, మీరు కొనకపోతే మా ఇంట్లో తినేవాళ్లు లేరా అనుకున్నాను. అరటాకులు కప్పి బుట్టలో పులియబెట్టి, చాపల మీద ఎండబెట్టి, బాణలిలో వేయించి, చాటలో చెరిగి, మిక్సీలో తిప్పాను. మీ అన్నయ్యగారు ఇల్లంతా మాడు వాసన అన్నారు. తాగాక మాత్రం గ్లాసు కడిగినట్టు చేసి ఇచ్చారు.

మొన్న తోటల ఆఫీసరు రైతులందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కోకో గుండెకి మంచిదట, రక్తం గడ్డకట్టనివ్వదట, బీపీ తగ్గిస్తుందట. పంచదార, పాలు కలిపి కొట్లో అమ్మే చాక్లెట్ కాదు, ఇలా ఉత్త పొడి. ఆదివారం పేపర్లో కూడా వేశారు. సాయంత్రం దాటాక తాగితే నిద్ర పట్టదని కూడా చెప్పాడు. అందుకని తమ్ముడికి పొద్దున్నే వేడినీళ్లలో చెంచాడు కలిపి ఇవ్వు. బీపీ బీపీ అని ఎన్నాళ్లు ఆ మాత్రలు మింగుతాడు. చేదుగా ఉందని వాడు ముఖం చిట్లిస్తే అక్క పంపిందని చెప్పు. అమ్మ పోయాక ఆముదం కూడా నా చేత్తో పోస్తేనే తాగేవాడు.

సంచి మూతికి అరటినారతో ముడి వేశాను. అది మా కొల్లేటి ముడి, పడవ తాడుకి వేసేది. విప్పాలని చూసి గోళ్లు విరగ్గొట్టుకోకు, కత్తెరతో కోసెయ్.

ఈమధ్య వాడు ఇటు రావడమే మానేశాడు. ఎరువుల కొట్టు పని అని నువ్వు వెనకేసుకు రాకు. కార్తీకంలో యమద్వితీయకి మాత్రం తప్పకూడదు. ఆ రోజు అక్క చేతి అన్నం తిన్నవాడి జోలికి యముడు రాడు. ఇన్నేళ్లలో ఒక్క ఏడాది కూడా తప్పలేదు వాడు.

దీవెనలతో
సీతారత్నం


తాడేపల్లిగూడెం
21 జూన్ 2025

పూజ్యులైన వదినగారికి సరళ నమస్కారాలు.

పార్సిల్ అందింది. సంచి చేతికివ్వగానే మీ తమ్ముడు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశారు. మా అక్క చేతి వాసన వస్తోంది అన్నారు. అన్నయ్యగారి మాడు వాసన మాట చదివి నవ్వారు. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది వదినా.

ఎలా రాయాలో తెలియక ఇన్ని రోజులు ఆలస్యం చేశాను. ఆయన మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇవాళ తప్పుతున్నాను. ఆయనకి ఉన్నది ఒట్టి బీపీ కాదండీ. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఉగాది వెళ్లాక ఏలూరులో డయాలసిస్ మొదలుపెట్టారు. సోమవారం, గురువారం వెళ్తాం. చేతిలో సూదులు గుచ్చి ఒంట్లో రక్తమంతా యంత్రంలోకి తీసి, శుభ్రం చేసి తిరిగి ఎక్కిస్తారు. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చి పడతాం. మర్నాడంతా లేవలేరు. కాస్త ఓపిక వచ్చేసరికి మళ్లీ వెళ్లే రోజు వస్తుంది. కొట్టు మా అబ్బాయి ఆకాష్ చూసుకుంటున్నాడు. అందుకే మీ ఇంటికి రాలేకపోయారు, మరేం కాదు.

మీ కోకో సంచి నాతో ఏలూరు తీసుకెళ్లి, ఏం తినాలో చెప్పే డాక్టరమ్మకి చూపించాను. మంచి మనిషి, విసుక్కోలేదు. మీ వదినగారు రాసింది అబద్ధం కాదండీ, కోకో వల్ల రక్తనాళాలు మెత్తబడతాయి, బీపీ కొంచెం తగ్గుతుంది, అది కిడ్నీలు బాగున్నవాళ్ల సంగతి అంది. ఇందులో పొటాషియం, భాస్వరం చాలా ఎక్కువట. బాగున్న కిడ్నీలైతే ఎక్కువైంది బయటికి పంపేస్తాయి. ఈయనవి పంపలేవు. ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుందట. కొబ్బరినీళ్లు, అరటిపండు, ఖర్జూరం కూడా వద్దంది. మంచినీళ్లు కూడా కొలిచే ఇవ్వాలి.

జీవితమంతా పొటాష్ బస్తాలు అమ్మాను, ఇప్పుడు అదే నా మీదికి వచ్చింది అంటున్నారు మీ తమ్ముడు. మీ తోటకి కూడా ఏటా ఆయనే కదా పంపేది.

కోకో ఇక పంపకండి వదినా. మీరు పంపింది జాగ్రత్తగా దాచాను. మీరు కంగారుపడి రాకండి, మిమ్మల్ని చూస్తే ఆయన నిబ్బరం పోతుంది.

మీ
సరళ


తోట ఇల్లు
6 జూలై 2025

సరళకు.

నీ ఉత్తరం మీ అన్నయ్యగారు గట్టిగా చదివి వినిపించబోతే లాక్కుని నేనే చదువుకున్నాను. ఉగాది నించి సూదులు గుచ్చించుకుంటున్నాడా వాడు. నేనేమో ఇక్కడ మామిడికాయ ముక్కలు కోసుకుంటూ, రాలేదని వాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను. వాడు చెప్పొద్దన్నాడే అనుకో, నీకు నోరు లేదా. వాణ్ణి ఎత్తుకుని కొల్లేరు గట్టు మీద తిరిగినదాన్ని నేను. ముందు నాకు చెప్పాలా, ఊళ్లో డాక్టర్లకి చెప్పాలా.

కోకో సంగతి. ఆ డాక్టరమ్మ చెప్పింది కొట్లో చాక్లెట్ గురించి అయ్యుంటుంది. నేను మళ్లీ ఆఫీసరుని అడిగాను. కోకో తాగితే ప్రమాదమా అంటే, భలేవారండీ, రోజూ తాగండి, మా ఇంట్లో అందరం తాగుతాం అన్నాడు. ఎవరికోసమని నేను చెప్పలేదు. ఇంటి గుట్టు వాడితో ఎందుకు. నేనూ మీ అన్నయ్యగారూ రోజూ తాగుతున్నాం, నా మోకాళ్లు తేలికపడ్డాయి. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లం, నాకు పడింది వాడికి పడదా.

నాకు తెలుసులే సరళా. పెళ్లయిన కొత్తలో నేను పంపిన ఆవకాయ కూడా నీకు నచ్చలేదు, నూనె ఎక్కువన్నావు. అప్పుడు నూనె ఎక్కువైంది, ఇప్పుడు పొటాషియం ఎక్కువైంది. కంపెనీవాళ్లు నా గింజ వద్దన్నారు, వాళ్లు పరాయివాళ్లు అనుకున్నాను. ఇప్పుడు నా తమ్ముడి ఇల్లూ వద్దంది.

నన్ను రావద్దన్నావు, రాను. యమద్వితీయకి వాణ్ణి కూడా పంపనక్కర్లేదు. విషం పెట్టే చేతి అన్నం ఎవరు తింటారు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మాత్రం మొక్కుకున్నాను. ఆవిడ నన్ను రావద్దనదు.

సీతారత్నం


తాడేపల్లిగూడెం
17 ఆగస్టు 2025

వదినగారికి నమస్కారాలు.

నేను రాసిన రెండు ఉత్తరాలకీ మీ నించి జవాబు రాలేదు. అన్నయ్యగారికి ఫోన్ చేస్తే, ఆవిడ సరిగ్గా భోజనం చెయ్యడం లేదమ్మా అన్నారు. ఆ మాట మీ తమ్ముడి చెవిన పడింది. అప్పట్నించి ఆయనా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. బస్సు వచ్చే వేళకి వీధి గుమ్మంలోకి వెళ్లి నిలబడుతున్నారు. అక్క ఏమైనా పంపిందా అని ఆకాష్‌ని అడుగుతున్నారు. నిలబడే ఓపిక లేదండీ ఆయనకి.

ఇక్కణ్ణించి మీ తమ్ముడు పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను.

ఏలూరులో ఇంకో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన కొద్దిగా కోకో తాగితే ఏమీ కాదన్నారు. ముందు చెప్పినావిడ కొత్తగా వచ్చిన పిల్లట, పుస్తకంలో ఉన్నదల్లా చెప్పేసింది. రోజూ పొద్దున నీ పొడి వేడినీళ్లలో కలిపి తాగుతున్నాను అక్కా. చేదుగా ఉన్నా బాగుంది. బీపీ తగ్గింది. కాళ్ల వాపు తీసింది. సరళది తప్పు లేదు, భయస్థురాలు. యమద్వితీయకి నీ చేతి అన్నం తినకుండా నేను ఉండను. నువ్వు కడుపునిండా తిను.

ఇంతవరకే చెప్పారు. ఇంతకు మించి నన్ను రాయనివ్వడం లేదు. మీ ఆరోగ్యం జాగ్రత్త వదినా.

సరళ


తోట ఇల్లు
28 ఆగస్టు 2025

చి.ల.సౌ. సరళకు, పక్కన కూర్చుని చదివించుకునే ఆ దొంగ వెధవకీ అక్క ఆశీస్సులు.

ఆ ఉత్తరం వచ్చిన రోజు వేడి అన్నంలో గోంగూర పచ్చడి వేసుకుని తిన్నాను. మీ అన్నయ్యగారు నన్ను వింతగా చూశారు. వాపు తీసిందన్న మాట ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు. నేను చెప్పలేదా. సరళా, ఆవకాయ మాట ఎత్తినందుకు ఏమనుకోకు. నాకు కోపం వస్తే పాతవన్నీ బయటికొస్తాయి, అది నా ఒంట్లో ఉన్న రోగం.

ఇంకో నాలుగు సంచులు పంపుతున్నాను. ఈసారి ఇంకా మెత్తగా తిప్పాను, బట్టలో జల్లెడ పట్టాను. మా ఊళ్లో బీపీ ఉన్నవాళ్లందరికీ నీ ఉత్తరం సంగతి చెప్పాను. చెరువుల మీద పనిచేసే ప్రసాదరావు అయితే రోజూ వచ్చి గ్లాసుడు తాగి వెళ్తున్నాడు. కంపెనీ వద్దన్న గింజ నా తమ్ముణ్ణి నిలబెట్టింది, ఇక ఎవరు కొంటే నాకేం, కొనకపోతే నాకేం.

కార్తీకానికి వాడు ప్రయాణం చెయ్యలేడు కదా. అందుకని నేనే వస్తాను. యమద్వితీయ గురువారం వచ్చింది. అక్క ఇంటికి తమ్ముడు రావడం పద్ధతి. తమ్ముడు రాలేకపోతే అక్కే వెళ్లి వండి పెట్టచ్చని మా పురోహితుడు చెప్పాడు. నీ వంటగది ఆ ఒక్క పూట నాది. నువ్వు గరిటె ముట్టుకోవడానికి వీల్లేదు.

ఏం చేస్తానో ఇప్పుడే చెబుతున్నాను. కొబ్బరిపాలు తీసి, బెల్లం వేసి, కోకో పాయసం. చిన్నప్పుడు వాడు పాయసం గిన్నె నాకేవాడు, ముక్కుకి కూడా అంటుకునేది. ఆ ముఖం మళ్లీ చూడాలని ఉంది. వాడు గిన్నె నాకుతుండగా చూస్తే నాకింకేం అక్కర్లేదు.

దీవెనలతో
మీ అక్క, వదిన


తాడేపల్లిగూడెం
5 అక్టోబర్ 2025

వదినగారికి సరళ నమస్కారాలు.

మీరు పంపిన సంచులు అందాయి. మీరు వస్తున్నారంటే ఆయన ముఖం మీదికి రక్తం వచ్చింది. హాల్లో మంచం పక్కకి జరిపించారు, మీకు పీట వేసే చోటు చూపిస్తున్నారు.

ఒక్క మాట వదినా. కోకో పాయసం మాత్రం వద్దండీ. పండగ రోజు తెల్లగా బియ్యం పరమాన్నం రెండు చెంచాలు చాలు. నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి పాయసం లాంటివి తక్కువ ఇవ్వమన్నారు. కొబ్బరిపాలు కూడా అరుగుతాయో లేదో. అంత దూరం నించి వచ్చి మీరు పొయ్యి దగ్గర నిలబడడం నాకు ఇష్టం లేదు. నేనే ఏదో ఒకటి చేసి పెడతాను, మీరు ఒక్క ముద్ద కలిపి పెట్టండి, అదే భోజనం అవుతుంది.

గురువారం మాకు ఏలూరు వెళ్లే రోజు. ఆయన డాక్టర్లతో మాట్లాడి శుక్రవారానికి మార్పించుకున్నారు. నేను వద్దన్నాను. ఆ రోజు యంత్రం పక్కన పడుకుంటే మా అక్క ఎవరికి పెడుతుంది అన్నారు. సోమవారం వెళ్లాక మళ్లీ శుక్రవారం వరకూ ఆగడం నాకు భయంగా ఉంది. మీరు ఒక్క ముక్క రాస్తే వింటారు. గురువారం పొద్దున్నే ఏలూరు వెళ్లి వచ్చి సాయంత్రం తింటానని ఒప్పుకోమని రాయండి.

మీరు కోప్పడినా సరే, పాయసం సంగతి ఆలోచించండి.

సరళ


తోట ఇల్లు
12 అక్టోబర్ 2025

చి.ల.సౌ. సరళకు ఆశీస్సులు.

నా మోకాళ్ల మీద నీకున్న దయకి చాలా సంతోషం. శ్రమ శ్రమ అని నువ్వు బాధపడకు. బెల్లం ఇక్కణ్ణించే తురుముకుని తెస్తాను, కొబ్బరికాయలు మన తోటవే. నీకు చేతులు కడుక్కునే పని కూడా పెట్టను.

ఆ భోజనం పగలే పెట్టాలి, సాయంత్రం కుదరదు. ఒక్క రోజు వెనక్కి జరిగితే ఆకాశం ఊడిపడదు. డాక్టర్లకి కూడా అక్కలు ఉంటారు, వాళ్లూ ఆ రోజు తింటారు. రోజూ తాగే కోకో ఆ ఒక్క రోజు ఎందుకు వద్దో నాకు అర్థం కాలేదు. చాలా తక్కువ నీళ్లతో గట్టిగా చేస్తాలే, సరేనా.

బుధవారం సాయంత్రానికి దిగుతాను. బస్టాండుకి ఆకాష్‌ని పంపు.

సీతారత్నం


తోట ఇల్లు
20 నవంబర్ 2025

సరళా,

ఉత్తరం పైన ఎప్పుడూ రాసే మాట ఇవాళ రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. కోపంతో కాకుండా నీ పేరుకి ముందు ఏమీ లేకుండా రాయడం ఇదే మొదటిసారి.

అక్కణ్ణించి వచ్చినప్పట్నించీ పడుకుంటే వాడు తింటున్నట్టే కనపడుతున్నాడు. అన్నం రెండు ముద్దలే తిన్నాడు. పాయసం మాత్రం వదల్లేదు. ఎలా ఉందిరా అని అడిగితే బొటనవేలు పైకెత్తి చూపించాడు, నాకు వినపడదని. మారు వడ్డించమని గిన్నె జరిపాడు. నేను పొంగిపోయి లోపలికి పరుగెత్తాను. గిన్నె నాకాడు సరళా, నేను అడక్కుండానే నాకాడు. చీర పెట్టి నా కాళ్లకి దండం పెట్టాడు. పైకి లేవడానికి నువ్వు చెయ్యి అందించావు. నిండు నూరేళ్లు బతకరా అని దీవించాను. నా నోటితోనే అన్నాను.

మర్నాడు పొద్దున ఏలూరు వెళ్తూ కారులో నా భుజం మీద తల పెట్టుకున్నాడు. భీమడోలు దాటాక చేతులు బరువుగా ఉన్నాయన్నాడని నువ్వు సైగ చేసి చెప్పావు. దెందులూరు దగ్గరికి వచ్చేసరికి తల ఇంకా బరువెక్కింది. నిద్రపోయాడనుకుని కదలకుండా కూర్చున్నాను. నువ్వు అరుస్తున్నావు, ఆకాష్ కారు ఆపాడు, నాకేమీ వినపడలేదు. వాడు పడుకున్నాడు, లేపకండి అని మిమ్మల్నే కసిరాను.

ఆసుపత్రిలో ఏమైందని అడిగితే ఆకాష్ ఒక కాగితం మీద రాసి చూపించాడు. పొటాషియం బాగా పెరిగి గుండె ఆగింది అని రాశాడు. అది ఇంకా నా దగ్గర ఉంది. పాయసం వల్లా అని అడిగాను. ఆకాష్ వెళ్లి డాక్టరుని తీసుకొచ్చాడు. డాక్టరు చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. ఒక రోజు ఆలస్యం వల్ల కావచ్చు, తిన్నదాని వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు, చెప్పలేమన్నాడట. చెప్పలేనివాడు డాక్టరు ఎందుకయ్యాడు.

నీ ఉత్తరాలు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. జూన్‌లో రాసినదాంట్లో కోకో తాగితే ఆయన గుండె ఆగిపోతుంది అన్నావు. ఆగస్టులో రాసినదాంట్లో రోజూ తాగుతున్నాడు, బాగున్నాడు అన్నావు. ఏది నిజం సరళా. రోజూ తాగినవాడైతే ఆ ఒక్క రోజు పాయసానికి ఎందుకు పోతాడు. తాగనివాడైతే నేనేం చేశాను.

వాడు పెట్టిన చీర మడత విప్పలేదు. నాకు జవాబు రాయి.

సీతారత్నం


తాడేపల్లిగూడెం
1 డిసెంబర్ 2025

వదినగారికి నమస్కారాలు.

మీరు అడిగినదానికి సూటిగా రాస్తున్నాను. ఆగస్టులో రాసిందే నిజం. ఆయన రోజూ తాగారు. నేనే కలిపి ఇచ్చాను. డాక్టరమ్మ వద్దన్న సంగతి తెలిసీ ఇచ్చాను. ఆయన అడిగితే కాదనలేకపోయాను, మొదట బాగానే ఉండడం చూసి మొండిధైర్యం వచ్చింది. అలా పొటాషియం నెలల తరబడి పేరుకుని ఉంటుంది. మీరు వచ్చేనాటికే ఆయన పని అయిపోయింది. మీ గిన్నెడు పాయసం దాంట్లో ఎంత.

కాబట్టి మీరు ఏమీ చెయ్యలేదు వదినా. చేసిందంతా నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి, ఆవకాయతో కలిపి తిట్టండి. మీ చేతి అన్నం తిని, ఆ మర్నాడు మీ భుజం మీదే పోయారు. అలా పోవాలని ఆయన కోరుకున్నారేమో కూడా. అన్నం తినండి. ఆ చీర కట్టుకోండి, ఆయనే బట్టల కొట్టుకి వెళ్లి ఏరి తెచ్చారు. మెట్లెక్కలేక కింద కూర్చుంటే కొట్టువాళ్లు చీరలు కిందికే తెచ్చి చూపించారు.

మీ
సరళ


తోట ఇల్లు
10 డిసెంబర్ 2025

సరళా,

నీ ఉత్తరం చదివాను. ఇంత బాగా రాస్తావని నాకు తెలియదు.

పదో రోజున పెద్ద గంగాళం కావాలంటే, మీరంతా పనిలో ఉన్నారని నేనే మీ వంటగది అటక మీదికి చెయ్యి పెట్టాను. గంగాళం వెనకాల నా సంచులు కనపడ్డాయి. జూన్‌లో పంపింది ముందుంది, తర్వాత పంపినవి దాని వెనక. పురుగు పట్టకుండా వేపాకు వేశావు. అన్నిటికీ నా అరటినార అలాగే ఉంది. నేను వేసే ముడి విప్పితే రాదు, కొయ్యాల్సిందే. ఒక్క ముడి కూడా కొయ్యలేదు.

అంటే ఏది నిజమని నిన్ను అడిగేనాటికే నాకు నిజం తెలుసు. నువ్వేం రాస్తావో చూద్దామని అడిగాను. వాడైతే ఏం రాసేవాడో అదే రాశావు. నన్ను తినిపించడానికి వాడొక అబద్ధం రాయించాడు, నన్ను బతికించడానికి నువ్వింకొకటి రాశావు. మొదటిదాంతో వాడు పోయాడు. రెండోదాంతో నాకు తిట్టుకోవడానికి కూడా మనిషి లేకుండా పోయింది. నిన్ను తిట్టుకుంటూ అయినా బతికేదాన్ని.

నేను అలిగి అన్నం మానకపోతే వాడు ఆ ఉత్తరం రాయించేవాడు కాదు. నువ్వు పాయసం వద్దని రాస్తే నా మోకాళ్ల కోసం అనుకున్నాను. గురువారం వెళ్లమని రాయమంటే పగలే పెట్టాలి అని రాశాను. ఇవన్నీ నువ్వు రాయలేదు, నేనే రాసుకున్నాను.

చెట్లు కొట్టించెయ్యమంటే మీ అన్నయ్యగారు ఒప్పుకోలేదు. కాయలు పండి ఎర్రగా వేలాడుతున్నాయి, కొయ్యడానికి చెయ్యి రావడం లేదు. ప్రసాదరావుకి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమని చెప్పి పంపించేశాను. మళ్లీ రావద్దన్నాను.

ఇక నాకు అబద్ధం రాయకు సరళా. మూడోది మోయలేను. ఒక్కటి అడుగుతాను, ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ గిన్నె అందుకున్నప్పుడు, ఇది తింటే ఏమవుతుందో వాడికి తెలుసా.

సీతారత్నం


తాడేపల్లిగూడెం
18 డిసెంబర్ 2025

వదినా,

ఈ జవాబు రాయకుండా ఉందామని చాలా ప్రయత్నించాను. రాయకపోతే అదీ ఒక అబద్ధమే అవుతుందని రాస్తున్నాను.

ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. బుధవారం మీరు కొబ్బరికాయలు బయటికి తీస్తుంటేనే ఆయనకి చెప్పాను, నిజం చెప్పేద్దామని బతిమాలాను. ఇంత దూరం వచ్చి పొయ్యి ముట్టించబోతున్న మనిషితో ఎలా చెబుతావు అన్నారు. ఏలూరు వెళ్లి రావడం తప్ప నాకింకేం మిగిలింది సరళా, ఒక్క పూట మా అక్కకి తమ్ముడిలా కూర్చోనీ అన్నారు. ఒక్క చెంచాతో ఆపుతానని నాకు మాటిచ్చారు.

ఆపలేదు. మారు వడ్డించడానికి మీరు లోపలికి వెళ్లినప్పుడు నేను గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాను. మీకు వినపడదు కదా, నేను పెద్దగా ఏడ్చినా వినపడేది కాదు. ఆయన నా చెయ్యి మెల్లిగా పక్కకి తీసి, అక్క వస్తోంది, ఊరుకో అన్నారు.

ఊరుకున్నాను.

సరళ